డ్రిల్లు సారు బారు

ఆ రోజుల్లో మా మదనపల్లెలో డిగ్రీ చేతికొచ్చిన మగపిల్లవాడికి రెండే దారులు కనబడేవి. ఒకటి బెంగళూరు బస్సు, రెండోది బీ.ఈడీ. బెంగళూరు పోయినవాడు నెల తిరక్కుండా మెడలో గుర్తింపు కార్డు, జేబులో కొత్త సెల్‌ఫోను వేసుకుని ఊళ్ళో దిగేవాడు. బీ.ఈడీ.కి పోయినవాడు చార్టులు చుట్టి చంకలో పెట్టుకుని, అప్పుడే నడివయసు వచ్చేసినట్టు తలొంచుకుని నడిచేవాడు. మాస్టారు పని చేసేకంటే టమాటా మార్కెట్లో పెట్టెలు మోయడం మేలని నేను ఇంటిల్లిపాదికీ వినబడేట్టు చెప్పేసి, ఆ పెట్టెలు కూడా మోయకుండా అరుగు మీద కూర్చుని ఉండేవాణ్ణి. (మా నాయన ఆ అరుగు దాటిపోయేటప్పుడల్లా నన్ను ఒక మాట అనేవాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు.) అలాంటి నేను ఇవాళ బి.కొత్తకోట దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారుగా బతుకుతున్నానంటే అందుకు కారణం ఏ గురువు ఉపదేశమో కాదు, ఒక బారు.

ఇదంతా మళ్ళీ గుర్తుకు రావడానికి మొన్న ఆదివారం మదనపల్లెలోని మా ఇంటికొచ్చిన ఒక కుర్రవాడు కారణం. నా దగ్గర పదో తరగతి చదివినవాడే. పటంలో కృష్ణానదిని తీసుకెళ్ళి రాజస్థాన్‌లో పారించిన ఘనుడు. చదువు అంతటితో ఆగినా చురుకైనవాడు కాబట్టి బెంగళూరు పోయి, ఒక పబ్బులో గ్లాసులు తుడవడంతో మొదలుపెట్టి మేనేజరు దాకా ఎదిగాడు. ఇప్పుడు సొంతంగా మదనపల్లెలో ఒక బారు పెడతాడట, రంగు దీపాలు, ఎత్తు కుర్చీలు, అన్నీ బెంగళూరు తరహాలో. ద్రాక్షపండ్ల సంచి బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, "బారు పెట్టల్లని ఉండాను సార్. మీతో ఒక మాట అడిగి పోదామని వస్తి" అన్నాడు. వంటింట్లో మా ఆవిడ గరిటె కిందపడిన చప్పుడు వినబడింది. సోషల్ మాస్టారుని బారు సంగతి అడగడమేమిటని ఆమె ఆశ్చర్యపోయి ఉంటుందనుకోకండి. ఈ ఇంట్లో బారు నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆమెకు పెళ్ళిచూపుల నాడే తెలుసు. ఆ కథ నేనెక్కడ మొదట్నించీ ఎత్తుకుంటానో అని ఆమె భయం. ఎత్తుకున్నాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పుంగనూరు హైస్కూల్లో డ్రిల్లు సారు. ఉద్యోగమంతా ఆ ఒక్క ఊళ్ళోనే చేశాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో నల్లతాడుకు ఇత్తడి విజిలు. మిగతావాళ్ళు తాయెత్తు కట్టుకున్నట్టు ఆ విజిలు ఆయన ఒంటి మీదే ఉండేది, నిద్రలో కూడా. మనిషి మంచివాడే గాని లోకంలో ఏదీ వంకరగా ఉండకూడదు. మా ఇంటికి వస్తే మొదట చెప్పులన్నీ వరసలో పెట్టి, తర్వాత లోపలికి వచ్చి అన్నా వదినా అని పలకరించేవాడు. అలాంటివాడు రిటైరయ్యాడు. మర్నాడు మామూలుగానే తెల్లవారకముందే లేచి, తెల్లబట్టలు తొడుక్కుని, విజిలు ఊదడానికి ఎవరూ లేక, పెరట్లో కోళ్ళ వంక కాసేపు చూసి, విప్పేసి మళ్ళీ పడుకున్నాడట. అది చెప్పి మా చిన్నమ్మ నవ్వింది గాని, ఆ తర్వాత ముక్కు తుడుచుకుంది.

సరిగ్గా ఆ సమయంలో కుప్పం నుంచి వాలీబాల్ మామ దిగాడు. (వరసకు మామేమీ కాడు. వయసులో ఉన్నప్పుడు చిన్నాయనతో కలిసి వాలీబాల్ ఆడాడు, అంతే.) ఆయనకు కుప్పం రైల్వే స్టేషనుకు పోయే దారిలో బిల్డింగూ బారు లైసెన్సూ ఉన్నాయి. లేనిదల్లా ప్రశాంతత. సాయంత్రమైతే చాలు, బార్లో ఎవరో ఒకరు చొక్కాలు చించుకునేవారు. పెట్టిన మేనేజర్లంతా పారిపోయారు. ఆయన మా చిన్నాయన ముందు కూర్చుని, "సరుకు నేను సూసుకుంటా, మనుసుల్ని నువ్వు సూసుకో. బార్లో కావల్సింది బాటిళ్ళు గాదప్పా, డిసిప్లిన్" అన్నాడు. బ్రాందీ అంటే వాసనకే తల తిరిగే మా చిన్నాయన ఆ డిసిప్లిన్ అన్న ఒక్క మాటకు పడిపోయాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో పెద్దభాగం తీసుకెళ్ళి అందులో వాటా పెట్టేశాడు.

మా చిన్నమ్మ అరవలేదు. అంతకంటే పెద్ద శిక్షే వేసింది, ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇంట్లో ఇద్దరే మనుషులు కాబట్టి మాటలు మొయ్యడానికి మూడోమనిషి కావాలని నన్ను మదనపల్లె నుంచి పిలిపించారు. చిన్నాయన ఎదురుగానే కూర్చుని ఉంటాడు, ఆమె నా వంకే చూస్తూ, మీ చిన్నాయనకు ఉప్పు సరిపోయిందేమో అడగమనేది. నేనడిగితే ఆయన నా వంకే చూస్తూ, సరిపోయిందని చెప్పు అనేవాడు. అలా కొన్నాళ్ళు ఉప్పూ పులుపూ మోసిన తర్వాత ఒక పూట ఆమె అసలు మాట బయటపెట్టింది.

"మీ చిన్నాయనకు చెప్పప్పా. ఇన్నేండ్లుగా ఈ ఊరంతా నన్ను సారమ్మా అని పిలస్తాంది. కూరగాయలామె నాకు తూకంలో ఒక గుప్పెడు ఎక్కువే ఏస్తాది. ఆ నోళ్ళతోనే బారమ్మా అనిపించుకునే రాత నాకొద్దు. పోతే కుప్పానికే పోనీ, ఆడ మనమెవురో ఎవురికీ తెలీదు. అయితే ఒకటి. ఆయన దగ్గర సదివినోడు ఒక్కడంటే ఒక్కడు ఆ బార్లో ఆయనకు దండం పెట్టి నమస్కారం సార్ అన్నాడనుకో, ఆ పొద్దే ఆయన బారు తాళాలు అప్పజెప్పి, సేతులు దులుపుకుని ఇంటికి రావల్ల. దీనికి నువ్వే సాచ్చి."

చిన్నాయన నిలబడి మాటిచ్చాడు. ఆయన ధైర్యం ఏమిటంటే, పుంగనూరెక్కడ, కుప్పమెక్కడ, తన పిల్లకాయలు అంత దూరం తాగడానికి వస్తారా అని. ఇక్కడే ఆయన లెక్క తప్పింది. పుంగనూరులో పది తప్పినవాడు, ఇంట్లో అలిగినవాడు, పొలంలో బోరు ఎండినవాడు, అందరూ బెంగళూరే పోరు. సగం మంది శాంతిపురం, కుప్పం వైపు గ్రానైటు పనులకు పోతారు. ఇది అటువైపు బస్సు కండక్టర్లకు కూడా తెలిసిన విషయమే గాని, ఏళ్ళ తరబడి పిల్లకాయల కాళ్ళు సరిగ్గా పడుతున్నాయా లేదా అని మాత్రమే చూసిన మనిషికి తెలియలేదు. నాకూ తెలియదు. సాక్షి ఉద్యోగంతో పాటు మేనేజరు ఉద్యోగం కూడా నాకే ఇస్తామంటే, మదనపల్లె పోయి బట్టలు సర్దుకుని, అరుగు దిగి కుప్పం బస్సెక్కాను. మా నాయన సంతోషంతో బస్టాండు దాకా వచ్చి నా సంచి మోశాడు.

వెళ్ళీ వెళ్ళగానే పాత బోర్డు దింపి 'చాంపియన్ బార్ అండ్ రెస్టారెంట్' అని కొత్తది పెట్టించాడు చిన్నాయన. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దారం పట్టి, నేల మీద ముగ్గుపిండితో గీతలు గీసి, బల్లలన్నీ ఆ గీతల మీద పెట్టించాడు. బారు తెరవకముందు వెయిటర్లను వరసలో నిలబెట్టి ఒళ్ళు విరిచే కసరత్తులు చేయించేవాడు. అందులో ఒకతను తమిళనాడు వైపువాడు, నన్ను పక్కకు పిలిచి, మిలిటరీలో చేర్చుకుంటారా ఏమిటన్నా అని అడిగాడు. ఖాళీ కడుపుతో వచ్చినవాడికి ముందు ఉడకబెట్టిన శెనక్కాయలు ఒక ప్లేటు, అవి తిన్నాకే మిగతాది. మోటారుసైకిల్ మీద వచ్చినవాడు తాళంచెవి కౌంటర్లో ఇచ్చి లోపలికి పోవాలి, స్కూల్లో క్రికెట్ బ్యాటు స్టోర్‌రూములో అప్పగించినట్టు. పోయేటప్పుడు కాళ్ళు తడబడితే తాళంచెవి ఇవ్వడు, నడిచి పొమ్మంటాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి మొహం కడుక్కుని తీసుకుపోవాలి. వాలీబాల్ మామ ఇవన్నీ చూసి, వ్యాపారం మునిగిందిరా దేవుడా అనుకున్నాడు. మునగలేదు. తాళంచెవి లాక్కునే బారంటే ఇంట్లో ఆడవాళ్ళు కొంచెం మెత్తబడ్డారేమో, జనం రావడం మొదలుపెట్టారు. (బారు పెట్టదలచినవారు ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఫ్రిజ్జు కంటే ముందు బాత్రూము సంగతి చూసుకోండి. శెనక్కాయల్లో ఉప్పు కొంచెం ఎక్కువే వేయించండి.)

మొదటివారం లోపలే పిడుగు పడింది. చిన్నాయన కౌంటర్లో నా పక్కన కూర్చుని తలుపు వైపు చూస్తున్నవాడల్లా ఉన్నట్టుండి బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగాడు. వంగినవాడు లేవలేదు. నేనూ వంగి చూస్తే, నా చెయ్యి పట్టుకుని, "వాడు మనోడేరా. ఎడమ మడమ ఈడస్తాండాడు సూడు. లాంగ్‌జంప్‌లో ఇసకలో పడకుండా మట్టి మీద పడినోడు" అన్నాడు. మొహం చూసి కాదు, నడక చూసి పట్టాడు. ఆ రాత్రే కౌంటరు వెనకున్న గదికి ఒక కర్టెను కట్టించాం. మర్నాటి నుంచి తెల్లబట్టలు పోయి లుంగీ, నెత్తికి తువ్వాలు, నల్ల కళ్ళద్దాలు వచ్చాయి. విజిలు బనీను లోపలికి పోయింది. ఎవరైనా తలుపు తీసుకుని వస్తే ఆయన కర్టెను సందులోంచి కాళ్ళు మాత్రం చూసి నాకు చెప్పేవాడు. వీడు హైజంపు, వాడు కబడ్డీలో మోకాలు విరగ్గొట్టుకున్నోడు, అదుగో ఆ పొట్టివాడు రిలేలో కర్ర తీసుకోకుండానే పరిగెత్తినోడు. ఒకణ్ణి చూసి మాత్రం తలపట్టుకున్నాడు. వాడి పేరు ఆయనకు ఏనాడూ గుర్తులేదు, స్కూలు మొత్తం లెఫ్ట్‌రైట్ అనే పిలిచేది. లెఫ్ట్ అంటే కుడికాలు, రైట్ అంటే ఎడమకాలు వేసేవాడు. కుడిచేతికి దారం కట్టి చూశాడట, ఏ చేతికి కట్టారో మర్చిపోయేవాడట. నా సర్వీసులో నేను ఓడిపోయింది వీడి దగ్గరేరా అని కర్టెను వెనక నిట్టూర్చాడు.

అక్కణ్ణుంచి మా బతుకు దాగుడుమూతలైపోయింది. చిన్నమ్మ ఆదివారం ఆదివారం ఫోను చేసేది. బాగుండావా, బువ్వ తిన్నావా లాంటివేమీ ఉండవు. ఎత్తగానే, "ఎవురన్నా దండం పెట్టినారా?" నేను లేదమ్మా అనేవాణ్ణి. అబద్ధం కాదు, ఎవరూ పెట్టలేదు. ఆ తర్వాత ఆమె, మీ చిన్నాయన మోకాలికి నూనె రాసుకుంటాండాడేమో అడగమనేది. ఆయన కర్టెను లోపల్నించి రాసుకుంటాండానని చెప్పు అనేవాడు. ఆమె ఆ జవాబు విన్నాక కూడా ఫోను పెట్టేది కాదు. ఆయన గొంతు ఇంకోసారి వినబడుతుందేమోనని ఆగేదని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పుడు నేను బిల్లు అవుతుందని పెట్టేసేవాణ్ణి.

ఇక ఆ బార్లో నాకు అర్థం కానివి కొన్ని ఉండేవి. కొన్ని బల్లల దగ్గరివాళ్ళు ఎప్పుడూ గోడ వైపే తిరిగి కూర్చునేవాళ్ళు. టీవీ ఇటువైపుంటే వాళ్ళు అటువైపు. గాజుగ్లాసు వద్దని కాఫీ తాగే స్టీలు లోటాలు అడిగేవారు. లోపలికి వచ్చే ముందు తలుపు బయట నిలబడి తల దువ్వుకుని, చొక్కా ప్యాంటులోకి దోపుకుని వచ్చేవాళ్ళు. పక్కబల్ల లారీడ్రైవర్లు లోకంలోని తల్లులందరినీ తలుచుకుంటుంటే వీళ్ళు మాత్రం గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. కొందరైతే రోజూ వచ్చి ఒక సోడా, రెండు ప్లేట్ల శెనక్కాయలు మాత్రమే తీసుకుని, వెయిటరుకు టిప్పు కూడా ఇచ్చి వెళ్ళేవారు. కుప్పం తాగుబోతులు ఎంత పద్ధతిగలవాళ్ళు, మా మదనపల్లెవాళ్ళు వీళ్ళను చూసి నేర్చుకోవాలి అనుకున్నాను. డిగ్రీ చదివిన బుర్ర కదా, అంతకు మించి పోలేదు.

ఒక శనివారం సాయంత్రం టీవీలో క్రికెట్ వస్తోంది. జీతాలిచ్చే రోజు, బారు నిండుగా ఉంది. మధ్యబల్లలో కోలారు వైపు లారీడ్రైవర్లు, వాళ్ళ పక్కన క్వారీవాళ్ళు. అవుటా నాటవుటా అని మొదలైంది. కన్నడంలో ఒకడు ఒకటన్నాడు, తమిళంలో ఒకడు ఇంకొకటన్నాడు, మా తెలుగువాడు రెండూ కలిపి ఒకటన్నాడు. ప్లేటు ఒకటి నా తల మీదుగా ఎగిరి మద్యం హానికరమన్న బోర్డుకు తగిలింది. ఒకడు సీసా మెడ పట్టుకుని లేచాడు. నేను కౌంటరు కింద దూరాను. (మేనేజరు ఉండాల్సిన చోటు అదే.) సీసా పైకి లేచింది, ఎదుటివాడు వెనక్కి జరగడానికి గోడ అడ్డం ఉంది, ఇంకొక్క క్షణమైతే తల పగిలేదే. అప్పుడు నా చెవుల పక్కనే విజిలు మోగింది.

అది మామూలు ఊదుడు కాదు, పెద్ద గ్రౌండు అవతలి గోడ దాకా పోయే ఊదుడు. దాని వెంటే "అటెన్షన్" అని ఒక గొంతు. కౌంటరు కింద ఉన్న నేను కూడా మడమలు కలిపాను. తల ఎత్తి చూస్తే, సీసా పట్టుకున్న లారీడ్రైవరు పోలీసులనుకుని సీసా కిందపెట్టి కూర్చుండిపోయాడు. కూర్చున్నవాళ్ళలో సగంమంది లేచి నిలబడి ఉన్నారు. గోడ పక్క బల్లలు, స్టీలు లోటాల బల్లలు, సోడా శెనక్కాయల బల్లలు, మొత్తం. ఛాతీ ముందుకు, గడ్డం పైకి, చేతులు తొడలకు అతికించి. ఒకడి నోట్లో కోడికాలు ఉంది, దాన్ని నమిలే ధైర్యం లేక అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. కర్టెను ముందు తువ్వాలు జారిపోయి, కళ్ళద్దాలు లేకుండా, లుంగీలో చిన్నాయన. అటెన్షన్ తర్వాత ఏమి చెయ్యాలో ఆయనకు ఒక్కటే తెలుసు. రైట్ టర్న్ అన్నాడు. అందరూ ఒక్క అడుగు చప్పుడుతో వంటింటి వైపు తిరిగారు. ఒక్కడు మాత్రం తలుపు వైపు తిరిగి, వెనకవాడి ముక్కుకు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"ఒరే, నీకు కుడీ ఎడమా ఇంకా రాలేదంట్రా" అన్నాడు చిన్నాయన. అనేసి నోరు మూసుకున్నాడు, అప్పటికే మాట జారిపోయింది. లెఫ్ట్‌రైట్ నవ్వబోయి ఏడ్చేశాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, వెనకాల గోడ మీద సీసాల బొమ్మ, చేతులు జోడించి, నమస్కారం సార్ అన్నాడు. అంతే, అందరూ క్లాసులోకి సారు వచ్చినప్పుడు పాడినట్టు ఒకే రాగంతో నమస్కారం సార్ అన్నారు. ఏమి జరుగుతోందో తెలియని లారీడ్రైవరు కూడా ఎందుకైనా మంచిదని లేచి, నమస్కార సార్ అన్నాడు.

చిన్నాయన ఒక కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. తనను ఎప్పుడు గుర్తుపట్టారని అడిగితే లెఫ్ట్‌రైట్ తలొంచుకుని చెప్పాడు.

"మొదటి పొద్దే సార్. మీరు కర్టెను యనక దాంకుంటాంటే, మేం సూసినట్ల తెలిస్తే మీకు యాడ నామోషీ అవుతాదో అని గోడ పక్కకు తిరిగి కూసుంటిమి."

"మరి ఇంకో బారుకు పోవచ్చు గదరా."

"మీరు పెట్టుకున్న యాపారం సార్. మిమ్మల్ని ఇడిసిపెట్టి ఇంకోసోటికి ఎట్ల పోయేది? ఈడ తాగలేక సచ్చినాం సార్. తాగే అలవాటు లేనోళ్ళను గుడా నేనే పిలుసుకొస్తి. వాళ్ళు సోడా తాగి పోతాండారు."

చిన్నాయన ఆ సోడా బల్లల వైపు, లోటాల వైపు ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. తన పిల్లకాయలు తన కోసం తాగుతున్నారన్న మాట ఆయనకు అప్పుడు తలకెక్కింది. కాసేపటికి లేచి, మామూలు గొంతుతో, "ఈపొద్దు బండి ఎవురికీ ఇయ్యను. జతలు జతలుగా నిలబడండి" అన్నాడు. అలా ఆ సాయంత్రం కుప్పం స్టేషను దారిలో, చొక్కాలు దోపుకున్న మగవాళ్ళు ఇద్దరిద్దరుగా వరసగట్టి, లెఫ్ట్ రైట్ అంటూ ఇళ్ళకు నడిచిపోవడం జనం వింతగా చూశారు. ముందు నడిచినవాడు లెఫ్ట్‌రైట్ కాబట్టి మొదటి మలుపులోనే వరస మొత్తం పొరపాటు వీధిలోకి పోయిందని తర్వాత విన్నాను.

మర్నాడు ఆదివారం. ఫోను వచ్చేదాకా ఆగలేదు. తాళంచెవులు వాలీబాల్ మామ చేతిలో పెట్టి, పలమనేరులో బస్సు మారి, పుంగనూరు చేరాం. (వాటా డబ్బు ఆయన సణుక్కుంటూనే కొంచెం కొంచెంగా తిరిగిచ్చేశాడు. మంచివాడే. బారు తర్వాత కూడా నడిచింది గాని, బల్లలు వంకరగా ఉండేవని చిన్నాయన చివరిదాకా బాధపడ్డాడు.) చిన్నమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. తెల్లబట్టల్లో, చొక్కా బయట విజిలుతో నిలబడ్డ మొగుణ్ణి చూసి చాట ఆపింది. సాక్షిని కదా, నేను చెప్పబోయాను. చిన్నాయన నా భుజం పట్టుకుని ఆపి తానే మొత్తం చెప్పాడు, గోడ వైపు తిరిగి కూర్చోవడం, సోడాలు, కోడికాలు, అన్నీ. చివర, "దండం పెట్టినాడే, లెఫ్ట్‌రైట్ గాడు. మాటిచ్చినట్ల వచ్చేస్తి" అన్నాడు. ఆమె చాలాసేపు రాగుల్లోకే చూసింది. నేను అలవాటుగా ఇద్దరి మధ్యకు జరిగి, ఏమి మొయ్యాలా అని నిలబడ్డాను. ఆమె నన్ను పక్కకు జరిపింది. అన్ని నెలల తర్వాత ఆయన మొహం చూసి, తిన్నగా ఆయనతోనే, "కాళ్ళు కడుక్కుని రా. సంకటి సల్లారిపోతాది" అంది. మాటలు మోసే నా ఉద్యోగం కూడా ఆ క్షణంతో పోయింది.

మదనపల్లెకు తిరిగొచ్చిన నన్ను చూసి మా నాయన, బారు కూడా మూసేసినారా అని అడిగి అరుగు తుడిపించబోయాడు. నేను బీ.ఈడీ.కి దరఖాస్తు పెట్టాలని డబ్బులడిగాను. ఆయన నా నోటి వాసన చూశాడు. నా మనసులో ఉన్నది ఆయనకు ఎలా చెప్పను? జీతం కోసమో సెలవుల కోసమో కాదు. మందు తలకెక్కిన మనుషులు ఒక్క విజిలుకు లేచి నిలబడ్డారే, తాగలేకపోయినా సారు వ్యాపారమని వచ్చి కూర్చున్నారే, అలాంటివాళ్ళు నాకూ ఒక నలుగురు ఉంటే బాగుండుననిపించింది.

ఇదంతా విన్న మా కుర్రవాడు ద్రాక్షపండ్ల సంచి వంకే చూస్తూ కూర్చున్నాడు. కాబట్టి నా సలహా ఏమిటంటే నాయనా, అని నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. బారు పెట్టేవాడు ముందు చూసుకోవాల్సింది లైసెన్సూ కాదు, దీపాలూ కాదు. నిన్ను చూసి దండం పెట్టేవాళ్ళు లేని చోటు చూసుకో, సగం కష్టాలు తప్పుతాయి.

వాడు మెడ గోక్కున్నాడు. "నాకు దండం పెట్టేవోళ్ళు ఎవురుండారు సార్. నేను పెట్టాల్సినోళ్ళే ఉండారు. నేను సలహా అడగదామని రాలేదు. మదనపల్లెలో మీరు ఏ దావన పోరో సెప్తే, ఆడ పెట్టుకుందామని వస్తి."

నేను నిజంగానే ఆలోచించాను. కూరగాయలకు నీరుగట్టువారిపల్లె వైపు పోతాను. బడికి పోయే బస్సు కోసం బస్టాండు దారి. మోకాళ్ళ డాక్టరు ఒక వీధి, మా వియ్యంకులు ఒక వీధి, సాయంత్రం నడక అంగళ్ళు ఊరికి పోయే దావన. ఊరంతా వేళ్ళ మీద వెతికినా నేను తిరగని వీధి ఒక్కటీ తగల్లేదు. వాడు పాపం నా వేళ్ళు చూస్తూ, ఒక్కొక్క వీధీ పోయినప్పుడల్లా చిన్నబోతున్నాడు.

"నీకు యాడ బాగుంటే ఆడ పెట్టుకోరా. నేను ఆ పక్కన పోయేటప్పుడు గోడ వైపుకు తిరిగి పోతాలే" అన్నాను. నా నోట్లోంచి కూడా మా యాసే వచ్చింది.

వాడు కాళ్ళకు దండం పెట్టి లేచాడు. గేటు దాకా పోయాక, ఎందుకో తెలియదు, వెన్ను నిటారుగా పెట్టి నడువు అని వెనక నుంచి కేకేశాను. అంతటి పబ్బు మేనేజరు ఠక్కున నిటారుగా అయ్యాడు, సందు మలుపు తిరిగేదాకా అలాగే నడిచాడు. చిన్నాయన ఇత్తడి విజిలు ఇప్పుడు మా అద్దం పక్కన మేకుకు వేలాడుతోంది. అద్దంలో నెత్తి పలచబడ్డ ఒక సోషల్ మాస్టారు కనబడ్డాడు. ఆ రోజుల్లో అరుగు మీద కూర్చున్న కుర్రవాడికి ఈయన్ని చూపించి ఉంటే తప్పకుండా టమాటా పెట్టెలు మోయడానికే పోయేవాడనుకుని, నాకు నేనే నవ్వుకుని, ద్రాక్షపండ్లు కడగమని మా ఆవిడకు ఇచ్చాను.